గేర్ల కారులో క్రూయిజ్ మీద: ఆత్మకూరు నుంచి ఉదయగిరికి

జూన్‌లో ఉదయగిరికి బదిలీ అయిన వాళ్ళం ఆరుగురం. అందరం ఆత్మకూరులో కాపురాలున్న టీచర్లమే. ఏడుంబావు బస్సు ఎక్కితే బడిలో ప్రార్థన వేళకు అందుకోలేము. ఆరున్నర బస్సు ఎక్కాలంటే ఇంట్లో పిల్లలకు క్యారేజీలు కట్టడం కుదరదు. ఈ ఇరకాటంలో ఉండగా మా రమణయ్య మామ ఏడు సీట్ల కారు కొన్నాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ముప్ఫై ఏళ్ళు గవర్నమెంటు బస్సు తోలి రిటైరయ్యాడు. అందులో సగం సర్వీసు ఈ ఉదయగిరి రూటులోనే గడిచింది. మమ్మల్ని ఆరుగురినీ రోజూ తీసుకెళ్ళి తీసుకొస్తానన్నాడు. మిగతా ఐదుగురితో మాట్లాడి ఒప్పించింది నేనే. మామ చేతిలో బండికి ఒక్కసారి కూడా గీత పడలేదని నేను చెప్పిన మాట మీదే వాళ్ళు సరేనన్నారు. సోమవారం నుంచి మొదలు. దారి ఎలా ఉందో, ఎంతసేపు పడుతుందో చూసుకోవడానికి, పనిలో పనిగా ఉదయగిరి దుర్గం ఎక్కి రావడానికి, ముందు రోజు ఆదివారం మామా నేనూ బయలుదేరాం.

ఆరూ ముప్ఫై అయిదుకి మామ ఇంటి ముందు కారు ఎక్కబోయాను. సామాన్లు పెట్టుకోవాలని వెనక తలుపు తీయబోతే అత్త వచ్చి చెయ్యి పట్టుకుంది. "ముందర కూచో పాపా. వెనక్కాల కూచోబాక," అంది. మర్యాదకి చెప్పిందనుకున్నాను.

ఊరు దాటి పెద్ద రోడ్డు ఎక్కగానే మామ ముఖం వెలిగింది. స్టీరింగ్ మీద బొటనవేలితో ఒక బటన్ నొక్కాడు. ఎదురుగా చిన్న తెర మీద డెబ్భై అంకె, దాని పక్కన పచ్చని కారు బొమ్మ వచ్చాయి.

"ఇప్పుడు చూడు. కాలు పక్కన పెట్టేసినాను. బండి దానంతట అదే పోతా ఉండాది," అన్నాడు.

నిజంగానే పోతోంది. కొత్త కార్లు కొనాలనుకునే వాళ్ళకి పనికొస్తుందని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. కాలు పెట్టకుండానే బండిని ఒకే వేగంతో నడిపే ఏర్పాటుని క్రూయిజ్ అంటారు. మామూలు క్రూయిజ్ పెట్టిన వేగంతో గుడ్డిగా పోతుంది. ఇది ముందున్న బండిని రాడార్‌తో కనిపెట్టి, దానితో పాటు తగ్గి, దానితో పాటు పెరుగుతుంది. కాసేపటికి మా ముందుకు ఒక సిమెంటు లారీ వచ్చింది. మామ ఏమీ చెయ్యకుండానే మా వేగం డెబ్భై నుంచి యాభై అయిదుకి దిగింది. అయిదో గేరులో ఇంజను కాస్త మూలిగింది. తెర మీద కిందికి బాణం గుర్తు, దాని పక్కన నాలుగు అంకె వచ్చాయి. గేరు మార్చమని అడుగుతోందన్నమాట. మామ ఎడమ కాలితో క్లచ్ తొక్కి నాలుగుకి మార్చాడు. క్లచ్ తొక్కితే క్రూయిజ్ తెగిపోతుందేమో అనుకున్నాను. తెగలేదు. గేరు పడేదాకా ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్ళీ అందుకుంది.

"అంతా అదే చేస్తాది. గేరొక్కటి మనం ఎయ్యాల," అన్నాడు మామ.

కాసేపు నాకూ వింతగా, బాగానే ఉంది. తర్వాత ఒక పెద్ద మలుపు వచ్చింది. మలుపులో లారీ పక్కకి తిరిగేసరికి కారు రాడార్‌కి ఆనలేదు. దారి ఖాళీ అయిందనుకుందో ఏమో, ఒక్కసారిగా ఊపందుకుంది. లారీ వెనక చక్రాలు నా కిటికీకి ఎదురుగా పెద్దవవుతున్నాయి. మామ బొటనవేలితో టకటకా బటన్ నొక్కి వేగం అయిదేసి చొప్పున తగ్గించాడు. మలుపు తిరిగాక లారీ మళ్ళీ తెర మీద కనిపించింది. అరచేతులు చీరకు తుడుచుకున్నాను.

అప్పటినుంచి రోడ్డు చూడటం మానేసి మామనే చూశాను. తగ్గించినా పెంచినా అంతా బొటనవేలే. నా చిన్నప్పుడు మామ బస్సు ఎక్కితే డ్రైవరు వెనక సీట్లోనే కూర్చునేదాన్ని. గుంత వస్తే మామ కాలు ఎంత మెత్తగా బ్రేకు మీద వాలేదంటే, నిల్చున్న వాళ్ళు కూడా కడ్డీ పట్టుకోవలసిన పని ఉండేది కాదు. అలాంటి మనిషి కుడి కాలు ఇప్పుడు కదలకుండా ఒక పక్కన పడి ఉంది.

ఏడుంబావుకి నందిపాడు దగ్గర ఉదయగిరి రోడ్డులోకి తిరిగాం. తిరిగేటప్పుడు బ్రేకు తొక్కక తప్పదు. తొక్కే ముందు మామ తల వంచి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. చెప్పుల కింద ఏదైనా పడిందేమో అనుకున్నాను. అక్కడ టీ తాగాం. కాలుకి ఏమన్నా అయిందా అని అడిగితే, కొత్త బండి గదా, పెడల్స్ ఇంకా అలవాటు కాలేదన్నాడు.

ఏడూ నలభైకి జరిగింది అసలు సంగతి. మా ముందు ఒక బస్సు పోతోంది. క్రూయిజ్ దాని వెనకాల అరవైలో పట్టుకొని ఉంది. రోడ్డుకి రెండు వైపులా జామాయిల్ తోటలు. దూరంగా గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. బస్సు తగ్గింది, మేమూ తగ్గాం. నాలుగో గేరుకి బాణం వచ్చింది, మార్చాడు. మూడో గేరుకి వచ్చింది, మార్చాడు. ముప్ఫై కిందికి దిగబోతుండగా కారులో టంగు టంగుమని గంట మోగింది. తెర ఎర్రబడింది. పచ్చని కారు బొమ్మ మాయమైంది. అంతవరకూ మెడ పట్టుకొని ఆపుతున్న చెయ్యి ఎవరో వదిలేసినట్టు కారు ముందుకి జారింది.

ఆటోమేటిక్ కారులో అయితే ముందు బండి ఆగితే మనదీ ఆగుతుందట. గేర్ల బండిలో అలా కాదు. ఆగాలంటే క్లచ్ తొక్కాలి, అది మనిషి పని. అందుకే వేగం బాగా పడిపోయాక కారు ఇక నా వల్ల కాదని గంట కొట్టి, బండిని మన కాళ్ళకి అప్పజెప్పి తప్పుకుంటుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు కనిపించింది ఎదురుగా ఆగిపోయిన బస్సు వెనక నిచ్చెన, పక్కన తల వంచి కిందికి చూస్తున్న మామ.

ఒకటి అని లెక్కపెట్టేంత సేపు చూసి ఉంటాడు. తర్వాత తొక్కాడు. ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. క్లచ్ తొక్కకపోవడంతో ఇంజను ఎగిరిపడి ఆగిపోయింది. నా రెండు చేతులూ డ్యాష్‌బోర్డుకి తగిలాయి. బస్సుకీ మాకూ మధ్య జానెడు సందు.

గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దావిడ కర్రతో బానెట్ మీద తట్టి మామ కిటికీ దగ్గరికి వచ్చింది. కోపంగా కూడా లేదు. "యాడ చూస్తా తోలతా ఉండావయ్యా? గొర్రెలు రోడ్డు మింద ఉంటే నువ్వు కిందకి చూస్తా ఉండావు," అంది.

ఆమె వెళ్ళాక మామ నాతో, చెప్పు జారింది అన్నాడు. తలెత్తి నా వైపు చూడలేదు.

ఎనిమిదీ పదికి ఉదయగిరి చేరాం. బస్టాండు దగ్గర హోటల్లో పులిబొంగరాలు, ఎర్రకారం దోశ తిన్నాం. దోశ బాగుంది గానీ నేను సగమే తిన్నాను. చెయ్యి కడుక్కొని బయటికి వస్తుంటే హోటల్ ఆయన వెనక నుంచి కేకేశాడు. మామ కుడి కాలి చెప్పు బల్ల కిందే ఉండిపోయింది. ఒక్క చెప్పుతో గుమ్మం దాకా నడిచొచ్చాడు, చూసుకోలేదు. నవ్వేసి వెనక్కి వెళ్ళి తొడుక్కున్నాడు. నాకు నవ్వు రాలేదు.

తొమ్మిదికి దుర్గం ఎక్కడం మొదలుపెట్టాం. ఉదయగిరి ఊరంతా కొండ నీడలోనే ఉంటుంది. దారి మొదట్లో మెట్లు బాగానే ఉన్నాయి. పైకి పోయేకొద్దీ రాళ్ళు కదిలిపోయి, తుమ్మ చెట్లూ ముళ్ళ పొదలూ దారిని కమ్మేశాయి. వెళ్ళాలనుకునే వాళ్ళు తలా రెండు సీసాల నీళ్ళు, గట్టి బూట్లు తప్పకుండా పెట్టుకోండి. పైన నీళ్ళు దొరకవు. కోట గోడ మలుపు తిరిగే చోట నిలబడితే కింద ఊరు, చెరువులు, దూరంగా సీతారామపురం వైపు కొండల వరసలు పరుచుకొని కనిపిస్తాయి. మామ దారి పొడుగునా ఏ ఊరికి ఏ వేళ బస్సుండేదో చెబుతూనే ఉన్నాడు. నేను వింటున్నట్టు తలూపుతూ, జానెడు సందు గురించే ఆలోచిస్తున్నాను. ఆ జానెడూ లేకుండా, కారు నిండా ఆరుగురం ఉండి ఉంటే?

పదీ నలభైకి పాడుబడిన ద్వారం దగ్గర కూర్చున్నాం. నేను నాలుగు మెట్లు కిందికి దిగి ఫోటో తీస్తుంటే రాళ్ళ మీద ఎర్రని మచ్చలు కనిపించాయి. ఎవరో తాంబూలం ఉమ్మేశారనుకున్నాను. కానీ మచ్చలు వరసగా, అడుగడుగుకీ ఒకటి చొప్పున ఉన్నాయి. కింది మెట్టు మీదా ఉన్నాయి, అంతకు కింది మెట్టు మీదా ఉన్నాయి. పైకి చూసుకుంటూ వస్తే మామ కుడి చెప్పు దగ్గర ఆగాయి.

"మామా, కాలు చూపించు," అన్నాను.

చెప్పు తీయబోతే రాలేదు. వేలెడంత తుమ్మ ముల్లు చెప్పునీ అరికాలినీ కలిపి కుట్టేసింది. ఎంత దూరం అలా నడిచాడో తెలియదు. నేను ముల్లు లాగుతున్నప్పుడు మామ ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంకెవరి కాలినో చూస్తున్నట్టు చూశాడు. ముల్లు చేతికి వచ్చాక నా రుమాలుతో కాలు కట్టాను.

తర్వాత మామే మొదలుపెట్టాడు.

"సంవత్సరంన్నర అయింది పాపా. షుగరు. మొదట తిమ్మిరి అనుకున్నాను. ఇప్పుడు బ్రేకు మింద కాలు ఉండాదో, పక్కన ఉండాదో నాకు తెలీదు. కిందకి చూసుకోవాల."

అత్తకి తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. ఎవరికీ చెప్పకూడదని తనే ఒట్టు పెట్టించుకున్నాడట. పక్కన ఒకరు కనిపెట్టుకొని ఉండాలనే అత్త నన్ను ముందు సీట్లో కూర్చోమందని అప్పుడు అర్థమైంది.

కారు సంగతి కూడా చెప్పాడు. షోరూంలో ఈ క్రూయిజ్ చూపించగానే కాలు చేసే పని కారే చేస్తుందని ఆశపడ్డాడట. ఆటోమేటిక్ తీసుకుంటే ఆగడం కూడా అదే చూసుకుంటుందని షోరూం వాళ్ళు చెప్పారట. ఈయన వినలేదు. గేరు మార్చకుండా కూర్చుంటే ఇంక తను చేసేదేముందనిపించిందట. డెబ్భైలో పోయేటప్పుడు కాలు అక్కర్లేదు. చివరి ముప్ఫైలో కావాలి. ఆ చివరి ముప్ఫై ఎలాగో చూసుకుంటూ నెట్టుకురావచ్చనుకున్నాడు.

మెల్లగా దిగి వచ్చేసరికి పన్నెండున్నర. ఊళ్ళో ఆస్పత్రిలో నర్సమ్మ గాయం కడిగి కట్టు కట్టింది. పాదం మీద అక్కడక్కడా దూదితో తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. మామ కళ్ళు మూసుకొని లేదు, లేదు అంటూ పోయాడు. నెల్లూరు పోయి పెద్ద డాక్టరుకి చూపించుకోమని, ఆలస్యం చేస్తే వేళ్ళు పోతాయని ఆమె చెప్పింది. ఆ గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. వేళ్ళు దక్కాయి.

ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని మామ నన్ను అడిగిన మాట ఇంకా నా చెవుల్లో ఉంది.

"ఎవరికీ చెప్పబాక పాపా. రేపటినుంచి నిదానంగా తోలతాను. నలభై దాటను. ఈ పని కూడా లేకపోతే ఇంట్లో గోడలు చూస్తా కూచోవాల."

సరే అనాలనిపించింది. కానీ ఆ ఐదుగురూ నా మాట నమ్మి ఎక్కబోతున్నారు. అందులో ఒకామెకి అయిదో నెల.

"వాళ్ళ సంగతి తర్వాత మామా. నేనే ఎక్కను," అన్నాను.

మామకి ముఖం మీద కొట్టినట్టయింది. కారు ఇక్కడే వదిలి బస్సులో పోదామన్నాను. బండిని ఊరుగాని ఊళ్ళో వదిలి రానన్నాడు. తర్వాత జేబులోంచి తాళం తీసి నా ఒళ్ళో పెట్టాడు. "అయితే నువ్వు తోలు," అన్నాడు. ఆ గొంతులో కోపం ఉంది, సవాలూ ఉంది.

నాకు లైసెన్సు ఉంది. మా ఇంట్లో చిన్న కారు ఉంది. ఆత్మకూరు వీధులు దాటి దాన్ని ఎప్పుడూ తీసుకుపోలేదు.

భోజనం చేసి, పక్క వీధిలో ఒక ఇంట్లో అమ్ముతున్న ఉదయగిరి చెక్క స్పూన్లు అరడజను తీసుకొని, రెండూ ముప్ఫై అయిదుకి బయలుదేరాం. స్పూన్లు చూడటానికి కాదు, స్టీరింగ్ ముందు కూర్చోవడం ఇంకో పది నిమిషాలు వాయిదా వేయడానికి వెళ్ళానని ఒప్పుకుంటాను.

ఊరు దాటేలోపు రెండుసార్లు బండి ఆగిపోయింది. మూడోసారి స్టార్టు చేస్తున్నప్పుడు మామ, క్లచ్ సగానికి వచ్చాక ఒక్క క్షణం ఆపమన్నాడు. ఆపాను. బండి మెత్తగా కదిలింది. అక్కడినుంచి పాఠం మొదలైంది. ఎదురుగా లారీ వస్తే లారీని చూడొద్దని, పక్కనున్న దారిని చూడమని చెప్పాడు. పది కిలోమీటర్లు పోయాక నా భుజాలు కాస్త కిందికి దిగాయి. ఖాళీ రోడ్డు చూసి క్రూయిజ్ నొక్కమన్నది కూడా ఆయనే. నీ కాలికి తెలుసు గదా, ఎట్టా ఉంటాదో నువ్వే చూడమన్నాడు.

అరవైకి పెట్టాను. కాలు తీసేసి కూర్చుంటే వీపు మీద చీమలు పాకినట్టుంది. మూడూ పదికి జామాయిల్ కర్రల లోడు లారీ ఒకటి దొరికింది. తాళ్ళు బిగించి ఉన్నా లోడు ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని వెనకాల మా కారు యాభైకి, నలభైకి దిగింది. ముందు రోడ్డు ఎత్తు ఎక్కుతోంది. నాలుగో గేరులో కారు ఒళ్ళంతా వణికింది. బాణం గుర్తు వచ్చింది. మూడుకి మార్చాను, అందుకుంది. ఎత్తు సగం ఎక్కాక లారీ ఇంకా తగ్గింది. టంగు టంగుమని గంట, ఎర్ర తెర. ఈసారి ఆ జారుడు ఉదయంలా లేదు. నా కుడి కాలు నేను చెప్పకముందే బ్రేకు మీద ఉంది. అరికాలి కింద రబ్బరు పెడల్ గట్టిగా తగిలింది.

క్లచ్ మాత్రం మరిచిపోయాను. ఇంజను ఆగిపోయింది.

ఎదురుగా లారీ కూడా ఆగింది. ఒక్క క్షణం కదలకుండా నిలబడి, వెనక్కి జారడం మొదలుపెట్టింది.

కర్రల మొనలు అద్దంలోకి వస్తున్నట్టున్నాయి. అప్పుడు మామ గొంతు వినిపించింది. పెద్దగా కూడా లేదు. ముప్ఫై ఏళ్ళు బస్సు నిండా జనాన్ని పెట్టుకొని తోలిన గొంతు.

"కాలు బ్రేకు మింద నించి తీయబాక. క్లచ్ తొక్కు. స్టార్టు చెయ్. రివర్స్ ఎయ్. అద్దంలో చూడు, లారీని చూడబాక."

ఒక్కో మాటకి ఒక్కో పని చేశాను. మామ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, వెనకనున్న మోటారు సైకిల్ వాళ్ళని పక్కకి తప్పుకోమని చేత్తో ఊపుతూ, రెండో చేత్తో తలుపు మీద దబదబా బాదుతున్నాడు. వదులు, ఇంకొంచెం, నిదానంగా అంటున్నాడు. కారు వెనక్కి దిగింది. లారీ కూడా మాతో పాటే దిగుతోంది. లారీలోంచి నెరిసిన గడ్డం క్లీనరు దూకి, ఒక కర్ర దుంగని చక్రం కింద తోశాడు. లారీ దాని మీదికి ఎక్కబోయి, కిర్రుమని ఆగింది.

హ్యాండ్‌బ్రేకు వేసి స్టీరింగ్ మీద తల ఆనించాను. ఎంతసేపటికో తలెత్తితే మామ కుడి కాలు కనిపించింది. నేలకేసి మోకాలు బిగిసేలా తొక్కి ఉంచాడు. అక్కడ పెడల్ లేదు. కట్టు ఎర్రగా తడిసిపోయింది. ఆయనకి తెలియదు.

"కాలు తియ్యి మామా. ఆగింది," అన్నాను.

కిందికి చూసి, చేత్తో మోకాలు పట్టుకొని కాలు పక్కకి జరిపాడు.

నందిపాడులో నీళ్ళు తాగి, కట్టు మార్పించి, పెద్ద రోడ్డు ఎక్కాం. అక్కడినుంచి క్రూయిజ్ ముట్టుకోలేదు. ఈ దారిలో రాబోయే వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. ఖాళీ రోడ్డు మీద ఆ యంత్రం బాగానే పని చేస్తుంది, తన చేతగానిది దాచుకోదు, గంట కొట్టి మరీ చెబుతుంది. ఆ గంట మోగినప్పుడు అందుకోవడానికి ఒక కాలు సిద్ధంగా ఉండాలి.

నాలుగూ యాభైకి ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ కోసం ఆపాను. మామతో పాటు పనిచేసి రిటైరైన కండక్టరు ఒకాయన అక్కడ బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. కొత్త కారు చూసి లేచి వచ్చాడు. నన్ను స్టీరింగ్ ముందు, మామని పక్కన చూసి ఆగిపోయాడు.

"ఏంది రమణయ్యా, పక్కన కూచోనుండావు?"

నేను ఏదో ఒకటి చెప్పి దాటేద్దామని నోరు తెరిచాను. ఈలోగా మామ అద్దం పూర్తిగా దించాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. గొంతు తగ్గించలేదు.

"కాలు తెలీడం లేదురా. ఇంక తోలను. పాప తోలతా ఉండాది," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, తనే చెప్పుకుంటానని, ఆ ఐదుగురు టీచరమ్మల ఫోన్ నంబర్లు ఇమ్మని అడిగాడు.